ఐటీఐ ఫిట్టర్ పాసైన తమ్ముడు: కాంట్రాక్టు హెల్పరా, అప్రెంటిసా, అమీర్‌పేట పీఎల్‌సీ కోర్సా?

స్వప్న_హుజూర్‌నగర్:

అందరికీ నమస్కారం. మాది హుజూర్‌నగర్ పక్కన పల్లె. మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీలే. మా తమ్ముడు ఈమధ్యే ఐటీఐ ఫిట్టర్ పూర్తి చేశాడు. వాడికి మెషీన్లంటే పిచ్చి. కోతల టైములో వరికోత మిషన్ల మెకానిక్ వెంట తిరిగి బెల్టులు, బేరింగులు మార్చడం నేర్చుకున్నాడు. ఐటీఐలో మాత్రం ఆకురాయి పట్టుకుని ఇనప ముక్కలు రుద్దడమే ఎక్కువైందని, ఉన్న లేత్ దగ్గర వంతు వచ్చేది కాదని అంటాడు.

ఇప్పుడు మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, దగ్గర్లోని ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద హెల్పర్, నెలకు 14 వేలు, "తర్వాత ఫిట్టర్‌ని చేస్తాం" అన్నారు. రెండు, ఎక్కడైనా పెద్ద కంపెనీలో ఏడాది అప్రెంటిస్. స్టైపెండ్ తక్కువ, పైగా ఊరు వదలాలి. మూడు, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 60 వేలకు పీఎల్‌సీ (మెషీన్లను నడిపే కంట్రోల్ కంప్యూటర్), స్కాడా (ప్లాంటును స్క్రీన్ మీద చూపే సాఫ్ట్‌వేర్) నేర్పి వంద శాతం ప్లేస్‌మెంట్ ఇస్తామంటున్నారు. నాన్న లారీ డ్రైవర్. 60 వేలు అప్పు చేస్తే పుడుతుంది, కానీ భయంగా ఉంది. అమ్మేమో కళ్ల ముందే ఉండాలంటుంది. మెషీన్ మెయింటెనెన్స్‌లోనే స్థిరపడాలంటే ముందు ఏం చేయాలి?

కిరణ్_కూకట్‌పల్లి:

ఫిట్టర్‌కి ఇప్పుడు వాల్యూ లేదండీ. అంతా ఆటోమేషన్ అయిపోయింది. ఎలాగైనా డిప్లొమా, బీటెక్ చేయించండి.

పాత_మిల్లు_ఫిట్టర్:

కిరణ్ గారూ, ఆటోమేషన్ వచ్చాక బేరింగులు అరగడం మానేశాయా? రోబో చేతిలోనూ గేర్‌బాక్సే ఉంటుంది, దానికీ నూనె మార్చాలి. సరే, ఆ వాదన పక్కన పెడదాం.

అమ్మా స్వప్నా, నేను గోదావరి జిల్లాలో ఒక చక్కెర మిల్లులో హెల్పర్‌గా మొదలుపెట్టి, తర్వాత పేపర్ మిల్లు, రోలింగ్ మిల్లు చూసి, మెకానికల్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. కాస్త ఎక్కువే రాస్తాను, ఓపికగా చదువు.

ముందు ఆ 60 వేలు కట్టొద్దు. పీఎల్‌సీ అక్కర్లేని చదువని కాదు. ప్లాంటు మొహం చూడని కుర్రాడికి అక్కడ నేర్పేది బల్ల మీద కిట్టు, నాలుగు స్విచ్‌లు, నాలుగు దీపాలు. ప్లాంటులో కన్వేయర్ ఆగినప్పుడు స్క్రీన్ మీద ఏదో ఒక ఫాల్ట్ పడుతుంది. అక్కడిదాకా చదవడం వారంలో వస్తుంది. అసలు సంగతి, ఎక్కడో రెండు వందల మీటర్ల అవతల పుల్ కార్డ్ స్విచ్‌లోకి (తాడు లాగితే కన్వేయర్ ఆపే స్విచ్) దుమ్ము దూరి ఉంటుంది, లేదా ప్రాక్సిమిటీ సెన్సర్ బ్రాకెట్ వదులై జరిగి ఉంటుంది. అది తట్టాలంటే లైను తెలియాలి. పీఎల్‌సీ రెండేళ్ల తర్వాత నేర్చుకుంటే మూడు రెట్లు వేగంగా ఎక్కుతుంది. ఇక వంద శాతం ప్లేస్‌మెంట్ మాట కాగితం మీద రాసివ్వమని అడిగి చూడు.

కాంట్రాక్టు హెల్పర్ సంగతి. అది చెడ్డ దారని ఎందుకంటాను, నేను వచ్చిందే అటునుంచి. కానీ ఏ గ్యాంగులో వేస్తారో తెలుసుకోకుండా ఒప్పుకోవద్దు. ప్యాకింగ్ దగ్గర బస్తాలు సరిచేసే పనికీ, కిల్న్ (సున్నపురాయి పొడి కాల్చే పెద్ద తిరుగుడు కొలిమి), మిల్లుల మెకానికల్ గ్యాంగుకీ సంబంధమే లేదు. మొదటి చోట పదేళ్లున్నా పానా పట్టడం రాదు. రెండో చోట మంచి మేస్త్రీ దొరికితే ఒక్క కిల్న్ షట్‌డౌన్‌లోనే, అంటే రిపేర్లకు ఆపిన రోజుల్లోనే, బోలెడు చూస్తాడు. పీఎఫ్, ఈఎస్ఐ కడతారా, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు ఇస్తారా అని కూడా అడుగు. నీళ్లు నమిలితే ఆ కాంట్రాక్టర్ జోలికి పోవద్దు.

నా ఓటు అప్రెంటిస్‌కే. కంపెనీ పేరు చూసి కాదు, అక్కడ మెషీన్లు విప్పుతారా లేదా అన్నది చూసి ఎంచుకోవాలి. ఇప్పుడు చాలాచోట్ల గేర్‌బాక్సు పాడైతే తీసి బయటికి పంపేస్తారు, కొత్తది పెట్టి బిగిస్తారు. అలాంటి చోట కుర్రాడు బోల్టులు బిగించడం వరకే నేర్చుకుంటాడు. సొంత వర్క్‌షాపు ఉండి, లేత్, స్లాటింగ్, డ్రిల్లింగ్ తిరుగుతూ ఉండే పాత ప్లాంటు అయితే మేలు.

నాకు చక్కెర మిల్లు అలా కలిసొచ్చింది. చలికాలంలో క్రషింగ్ మొదలైతే ఎండలు ముదిరేదాకా రాత్రీ పగలూ నడుస్తుంది, ఆపడానికి వీల్లేదు. చెరుకు బళ్లు, ట్రాక్టర్లు గేటు బయట వరుస కట్టి ఉంటాయి. ఆ తర్వాత ఆఫ్ సీజన్. అప్పుడు మిల్లు మొత్తం విప్పేస్తారు. ఒక్కో మిల్లులో మూడు పెద్ద రోలర్లు పైకి తీసి, గాళ్లు అరిగితే మళ్లీ లేత్ ఎక్కిస్తారు. గన్‌మెటల్ బేరింగులకు బ్లూ (నీలి రంగు పేస్టు) రాసి, షాఫ్టు మీద తిప్పి, రంగు అంటిన చోటల్లా స్క్రేపర్‌తో గీకాలి. మళ్లీ బ్లూ, మళ్లీ గీకుడు. అరచెయ్యి కాయలు కాసేది. మా మేస్త్రీ చదువుకున్నది అయిదో తరగతి. రంగు అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా సమంగా పడేవరకూ "ఇంకా ఆకలి తీరలేదు దానికి" అనేవాడు. ట్రాష్ ప్లేట్ (రోలర్ల మధ్య పిప్పిని ముందుకు నడిపే పలక) సెట్టింగ్ తేడా వస్తే పిప్పిలో రసం మిగిలిపోతుంది, లేదా మిల్లు బిగుసుకుంటుంది. ఆఫ్ సీజన్‌లో చేసిన పని మంచిదో కాదో తర్వాతి సీజన్‌లో మిల్లే చెప్పేస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీలో అలాంటి పరీక్ష ఉండదు.

నేను చెప్పదలచిన అసలు ముక్క ఇది. విప్పి బిగించడం ఎవరైనా ఏడాదిలో నేర్చుకుంటారు. ఎందుకు పాడైందో చెప్పగలిగేవాడికే ఈ లైన్లో జీతం పెరుగుతుంది.

పేపర్ మిల్లులో ఒక పంపు ఉండేది. దానికి బేరింగ్ వేస్తే నెల తిరక్కుండా పోయేది. స్టోర్స్ వాళ్లు నకిలీ బేరింగ్ అన్నారు, సప్లయర్ మీరు గ్రీజు పెట్టలేదన్నాడు, షిఫ్టులో ఒకరి మీద ఒకరు. నేను సక్షన్ ఫ్లాంజి (పంపులోకి లాగే పైపు చివర బోల్టులు పడే బిళ్ల) బోల్టులు వదులు చేయించాను. పైపు వేలెడంత పక్కకు జరిగింది! ఎవరో పైపు పొట్టిగా కోసి, బోల్టులతో లాగి బిగించారు. ఆ లాగుడంతా పంపు కేసింగ్ మీద పడి, షాఫ్టు వంకర నడక నడుస్తోంది. కప్లింగ్ (మోటారును, పంపును కలిపే జాయింటు) మీద డయల్ గేజి పెట్టి ఫ్లాంజి బిగించి చూస్తే ముల్లు కదలడం కంటికి కనిపించింది. 0.05 మిల్లీమీటరు దాటి కదిలితే పైపు సరిచేయాల్సిందే. పైపు కోసి, చిన్న ముక్క కలిపి వెల్డింగ్ చేశాక ఆ పంపు గురించి మళ్లీ ఎవరూ ఫోన్ చేయలేదు. సిమెంటు ప్లాంటులో ఐడీ ఫ్యాను (కిల్న్ వేడి గాలిని లాగే పెద్ద ఫ్యాను) ఊగిపోతున్నా ఇదే తంతు. బేరింగ్ మార్చేముందు ఇంపెల్లర్ రెక్కలకు పొడి గడ్డకట్టిందేమో చూడాలి. చాలాసార్లు గీకి శుభ్రం చేస్తే సరిపోతుంది.

కాబట్టి తమ్ముడికి ఒక నోటు పుస్తకం కొనివ్వు. ఏ మెషీన్, ఏ నంబరు బేరింగ్, ఎందుకు పోయింది, ఏం చేస్తే ఆగింది, అంతే రాయాలి. బేరింగ్ నంబరు చదవడం మొదటి రోజే నేర్చుకోవచ్చు. 6310 అంటే చివరి 10ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం 50 మిల్లీమీటర్లు, 6205 అంటే 25. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. 00కి 10, 01కి 12, 02కి 15, 03కి 17. షాఫ్టు మీదికి బేరింగ్ ఎక్కించేటప్పుడు దెబ్బ బయటి రింగు మీద పడకూడదు. పడితే బాల్స్ లోపల మచ్చలేస్తాయి, ఆ రోజు బాగానే తిరుగుతుంది, తర్వాత అరుస్తుంది. ఇండక్షన్ హీటర్ ఉంటే 110 డిగ్రీల దగ్గర వేడి చేసి జారవిడవాలి, గ్యాస్ టార్చి పెట్టకూడదు. గ్రీజు ఎక్కువ కొడితే మంచిదనుకుంటారు హెల్పర్లు. హౌసింగ్ నిండా కుక్కితే వేడెక్కి ఛస్తుంది.

డ్రాయింగ్ చదవడం, ఫీలర్ గేజి, డయల్ గేజితో కప్లింగ్ అలైన్‌మెంట్, మోటారు కాళ్ల కింద షిమ్ (పలచని రేకు) ఎందుకు వేస్తారో, ఇవి మొదటి ఏడాది. కరెంటు అంటే భయం పోవాలి కూడా. మన 50 హెర్ట్జ్ సప్లైకి నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి 1500 చుట్ల దగ్గర కాకుండా 1440 దగ్గర ఎందుకు తిరుగుతుందో, ఓవర్‌లోడ్ రిలే ఎందుకు కొట్టేస్తుందో చెప్పగలగాలి. "అది ఎలక్ట్రికల్ వాళ్ల పని" అని చేతులు కట్టుకునే ఫిట్టర్లను చాలామందిని చూశాను, వాళ్లు హెల్పర్ జీతంతోనే రిటైరయ్యారు.

ఇంకొక్కటి, దీని మీద బేరం లేదు. ఆగి ఉన్న మెషీన్ ఆగిన మెషీన్ కాదు. ఐసోలేటర్ (ఆ మెషీన్ మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని, ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి చూశాకే చెయ్యి పెట్టాలి. కరెంటు తీసినా కన్వేయర్ కౌంటర్ వెయిట్ వేలాడుతూనే ఉంటుంది, సిలిండర్‌లో గాలి ఉంటుంది, హైడ్రాలిక్ అక్యుమ్యులేటర్‌లో ప్రెషర్ ఉంటుంది. సూపర్‌వైజర్ "రెండు నిమిషాల పనే కదరా" అంటే, పర్మిట్ ఇవ్వండి సార్ అనమను. మొదటిసారి తిడతారు. తిట్టనీ.

లావణ్య_శ్రీసిటీ:

పెద్దాయన రాసింది సేవ్ చేసుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం నా మాట వేరు. సిమెంటు, చక్కెర, పేపర్ లాంటి బరువు ప్లాంట్ల సంగతి ఆయన చెప్పినట్టే. మా వైపు ఆటో విడిభాగాలు, ఎలక్ట్రానిక్స్, ప్యాకేజింగ్ లైన్లలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ అని విడిగా తీసుకోవడం తగ్గింది. ఇంటర్వ్యూలో నేనే కూర్చుంటాను. న్యూమాటిక్ (గాలితో నడిచే) సిలిండర్ నెమ్మదించింది, ఏమేం చూస్తావ్ అని అడుగుతాను. ఎఫ్‌ఆర్‌ఎల్‌లో (గాలిని వడగట్టి ప్రెషర్ సరిచేసే యూనిట్) ప్రెషర్, సిలిండర్ సీలు, గాలి దిశ మార్చే 5/2 వాల్వ్, ఫ్లో కంట్రోల్ స్క్రూ, ఆ తర్వాత సిలిండర్ ఎక్కడుందో చెప్పే రీడ్ స్విచ్ అని వరుసగా చెప్పినవాడిని తీసుకుంటాను. ల్యాడర్ లాజిక్ (పీఎల్‌సీ ప్రోగ్రాం) రాయమని ఇంతవరకూ ఏ టెక్నీషియన్‌నీ అడగలేదు. కానీ ల్యాప్‌టాప్‌ను పీఎల్‌సీకి కలిపి, నడుస్తున్న ప్రోగ్రాం చూసి ఏ ఇన్‌పుట్ రావట్లేదో కనిపెట్టడం రావాలి. రెండేళ్లు ఆగమనడం నా లెక్కలో ఎక్కువ, ఆరు నెలలకే మొదలుపెట్టొచ్చు.

నేర్చుకోవడానికి 60 వేలు అక్కర్లేదు. హైదరాబాద్‌లో విద్యానగర్ ఎన్‌ఎస్‌టీఐ (నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్), మనవాళ్లు ఇప్పటికీ ఏటీఐ అంటారు, ప్రభుత్వానిదే. రామంతాపూర్‌లోది ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వైపు. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సీఐటీడీ (టూల్ డిజైన్ సంస్థ) కూడా కేంద్ర ప్రభుత్వ సంస్థే. వీటిలో షార్ట్‌టర్మ్ కోర్సులు ఎప్పుడు మొదలవుతాయో నేరుగా వెళ్లి కనుక్కోండి. బయట నోటీసు బోర్డు చూస్తే చాలు. డిప్లొమా మీద మనసుంటే ఐటీఐ తర్వాత లేటరల్ ఎంట్రీ ఉంది, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండో ఏడాదిలో చేరొచ్చు. మా లైన్‌లో ఒక కుర్రాడు అలాగే వచ్చాడు. ఐటీఐ చేసి వచ్చిన డిప్లొమావాళ్లు మిగతావాళ్లకంటే చేతిపనిలో బాగుంటారు, అది నా అభిప్రాయం.

జగిత్యాల_టు_జుబైల్:

గల్ఫ్ అని ఎవరూ అనలేదు కాబట్టి నేనంటున్నా. ఇక్కడ సౌదీ జుబైల్‌లో షట్‌డౌన్‌లకు ఫిట్టర్లు కావాలి, నిజమే. కానీ ఐటీఐ అవగానే రావద్దు అక్కా. ట్రేడ్ టెస్టులో ఫ్లాంజి బిగించమంటారు. బోల్టులు ఎదురెదురుగా, విడతలు విడతలుగా టార్క్ చేయాలన్నది తెలియకపోతే అక్కడే ఇంటికి. వచ్చినవాళ్లలోనూ తేడా ఉంది. ఎక్స్ఛేంజర్లు, వాల్వులు విప్పేవాళ్లకు ఒక జీతం, పంపులు, కంప్రెసర్లు, మెకానికల్ సీల్స్ తెలిసిన రొటేటింగ్ వాళ్లకు దానికి పైన. నేను మొదట పైపులు మోశాను. ఇక్కడి ఫిలిప్పీన్స్ ఆయన ఒకాయన సీల్ ఫేసులు చేత్తో ముట్టుకోవద్దని మొత్తుకుంటూ నేర్పాడు. మన రామగుండం, కొత్తగూడెం ప్లాంట్లలో అప్రెంటిస్ చేసి వచ్చినవాళ్లకు ఆ పాఠాలు ముందే వచ్చి ఉన్నాయి.

మీ తమ్ముడు పదో తరగతి పాస్ కాబట్టి పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేనిది) కింద వస్తుంది. ఇప్పుడే తీసిపెట్టుకోమనండి, ఖర్చు పెద్దగా ఉండదు. ఎప్పుడైనా రావాలనుకుంటే విదేశాంగ శాఖలో రిజిస్టరైన ఏజెంటు ద్వారానే, లేదా విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా. ఊళ్లో "మా బావమరిది వీసా పంపుతాడు" అనేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. విజిట్ వీసా మీద పనికి అసలే వద్దు.

స్వప్న_హుజూర్‌నగర్:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. తమ్ముడు పక్కనే కూర్చుని రెండుసార్లు చదివాడు. పైపు కథ దగ్గర "అక్కా, మన వరికోత మిషన్ బెల్టు కూడా ఇలాగే తెగేది, పుల్లీ వంకర ఉంటే" అన్నాడు. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసి ఏ గ్యాంగ్ అని అడిగాం. ప్యాకింగ్ ప్లాంటే, లోడింగ్ వైపు. పీఎఫ్ సంగతి "చేరాక చూద్దాం" అన్నాడు. అది వదిలేశాం. అమీర్‌పేట కూడా వద్దనుకున్నాం.

ఇంకో రెండు డౌట్లు. అప్రెంటిస్ అయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇస్తుందా? ఇవ్వకపోతే ఏడాది వృథా కాదా? అమ్మ ఇదే పట్టుకుంది. ఇంకోటి, అప్రెంటిస్‌లతో ఫైళ్లు మోయిస్తారని, టీలు తెప్పిస్తారని విన్నాం. అలా అయితే ఏం చేయాలి?

పాత_మిల్లు_ఫిట్టర్:

మొదటిదానికి సూటిగా చెబుతాను. ఇవ్వాలని లేదు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ పూర్తయినవాడికి ఉద్యోగం ఇచ్చి తీరాల్సిన బాధ్యత కంపెనీకి లేదు. "చేరితే పర్మనెంటు" అని ఎవడైనా డబ్బు అడిగితే వాడు దొంగ. కానీ చివర్లో ట్రేడ్ టెస్టు రాసి పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఎన్‌ఏసీ అంటారు. చాలా నోటిఫికేషన్లలో ఐటీఐతో పాటు అది అడుగుతారు. రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్ చేసినవాళ్లకైతే రైల్వే లెవెల్–1 (పాత గ్రూప్–డి) పోస్టుల్లో 20 శాతం వాటా ఉంది. లాలాగూడ వర్క్‌షాపు ఉన్న దక్షిణ మధ్య రైల్వే నోటిఫికేషన్ వచ్చినప్పుడు వదలొద్దని అమ్మకు చెప్పు. అసిస్టెంట్ లోకో పైలట్‌కు కూడా ఫిట్టర్ ఐటీఐ పనికొస్తుంది. రైలు నడపడం మెయింటెనెన్స్ కాదనుకో, కానీ మీ అమ్మగారికి ఆ మాట ధైర్యం ఇస్తుంది.

టీలు తెప్పించడం ఉంటుంది. తెచ్చి ఇవ్వమను, మేస్త్రీకి టీ ఇచ్చినవాడికే మేస్త్రీ గేర్‌బాక్సు మూత తీసి చూపిస్తాడు. ఆఫీసులో ఫైళ్ల దగ్గర కూర్చోబెడితే మాత్రం ఊరుకోకూడదు. అప్రెంటిస్‌కు సిలబస్ ఉంటుంది, ఏ సెక్షన్‌లో ఎన్ని వారాలో ట్రైనింగ్ సెంటర్ వాళ్ల దగ్గర రాసి ఉంటుంది. ఆ కాగితం అడిగి తీసుకుని, లాగ్‌బుక్కులో ఎప్పటికప్పుడు సంతకాలు చేయించుకోవాలి. ట్రైనింగ్ ఆఫీసర్‌కు గొడవగా కాకుండా "సార్, షట్‌డౌన్‌కు నన్నూ వేయండి" అని అడగమను. అలా నోరు తెరిచి అడిగే కుర్రాళ్లు తక్కువ, వెంటనే పేరు రాసేస్తారు. షట్‌డౌన్ రోజుల్లో పన్నెండు గంటలు మసిలో, దుమ్ములో నిలబడాలి. అక్కడ తమ్ముడికి ఇది నచ్చుతుందో లేదో వాడికే తెలిసిపోతుంది.

ఖాళీ దొరికితే స్టోర్స్‌లో కూర్చోమను. స్క్రాప్‌కు వెళ్లే పాత బేరింగులు అక్కడే పడి ఉంటాయి. వాటిని కోసి చూస్తే, ట్రాక్ మీద మచ్చ ఒకపక్కనే ఉందా, చుట్టూ ఉందా, రంగు నీలంగా మారిందా, తుప్పు పట్టిందా, ఒక్కోదానికి ఒక్కో కారణం.

ఇక వెంటనే చేయాల్సింది. అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో రిజిస్టర్ చేయించు. సింగరేణి, ఎన్‌టీపీసీ, బీహెచ్‌ఈఎల్ లాంటివాటికి విడిగా వాళ్ల వెబ్‌సైట్లు కూడా చూస్తుండాలి. చేసేముందు పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్ మూడింటిలో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో చూడు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

స్వప్న_హుజూర్‌నగర్:

ఇప్పుడే తీసి చూశాం సార్. ఆధార్‌లో ఇంటిపేరే లేదు, మెమోలో పూర్తిగా ఉంది. సోమవారం ఆధార్ సెంటర్‌కి పంపిస్తున్నాను.